మట్టి వాసన సరే, ఏ మట్టి?

మూడేళ్ళ కిందట ఒక కథల సంపుటి మీద సమీక్ష రాశాను. అందులో "ఈ కథల నిండా మట్టి వాసన గుబాళిస్తుంది" అని ఒక వాక్యం ఉంది. రాసినప్పుడు చాలా బాగా వచ్చిందనుకున్నాను. లింకు మా నాన్నకి వాట్సప్ చేశాను. ఆయన చదివింది ఏడో తరగతే గానీ, పేపరైతే మొదటి పేజీ నుంచి టెండరు ప్రకటనల దాకా వదలడు. ఆ రాత్రే ఫోన్ చేశాడు. "మంచిగ రాసినవ్ బిడ్డా. గని గా కథలల్ల ఊరిది చెల్క భూమా, రేగడా? అది చెప్పనే లేదు నువ్వు."

నవ్వేసి మాట మార్చాను. ఫోన్ పెట్టేశాక పుస్తకం మళ్ళీ తీశాను. రచయిత చెప్పాడు. రెండో కథలో, కంది సాళ్ళ మధ్య నిలబడి ఇద్దరన్నదమ్ములు గొడవపడే చోట, అది దుబ్బచెల్క అని స్పష్టంగా రాశాడు. అన్నదమ్ముల గొడవకి కారణం కూడా అదే. ఒకడి వాటాకి గుట్ట వైపు దుబ్బ వచ్చింది, ఇంకొకడికి చెరువు కింది నల్లమట్టి వచ్చింది. నేను ఆ కథని "మానవ సంబంధాల విచ్ఛిన్నం" అని రాసి పడేశాను. నాకు మట్టి వాసన వచ్చింది, మట్టి మాత్రం కనపడలేదు.

ఇది నా ఒక్కడి జబ్బైతే ఈ వ్యాసం అక్కర్లేదు. కానీ ఏ వెబ్ పత్రికైనా తెరవండి, ఏ ఆవిష్కరణ సభకైనా వెళ్ళండి. మట్టి వాసన, మట్టి పరిమళం, మట్టి మనుషులు, మట్టి భాష. పల్లెటూరి పుస్తకం కనపడితే చాలు, ఈ నాలుగు మాటల్లో ఏదో ఒకటి పడాల్సిందే. ఏ మట్టి అని అడిగేవాడు లేడు. నా వాదన ఇదీ: తెలుగు విమర్శ "మట్టి" అనే మాటని నేలని చూడకుండా తప్పించుకోడానికి వాడుతోంది. దానివల్ల చెడుతున్నది సాహిత్యం ఒక్కటే కాదు.

ముందు ఆ వాసన సంగతే తేల్చేద్దాం. తొలకరికి వచ్చే వాసనకి 1964లో ఆస్ట్రేలియాలో ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు "పెట్రికోర్" అని పేరు పెట్టారు. గ్రీకులో "పెట్ర" అంటే రాయి. అంటే మనం మట్టి వాసన అంటున్నదానికి వాళ్ళు పెట్టిన పేరు రాతితో మొదలవుతుంది. ఆ వాసనలో ముఖ్యమైన భాగం జియోస్మిన్ అనే పదార్థం. దాన్ని తయారుచేసేది స్ట్రెప్టోమైసిస్ లాంటి సూక్ష్మజీవులు. అవి ఎర్రనేలలో ఉంటాయి, నల్లనేలలో ఉంటాయి, మీ అపార్ట్‌మెంట్ బాల్కనీలో పూలకుండీలో కూడా ఉంటాయి. కాబట్టి ఒక నేలకీ ఇంకో నేలకీ తేడా చెప్పలేనిది ఏదన్నా ఉందంటే, అది ఈ వాసనే. మనం ఏరి కోరి దాన్నే పట్టుకున్నాం.

మరి తేడా ఎక్కడుంది? రాతిలో ఉంది. మట్టి అంటే వాన, ఎండ, వేర్లు, పురుగులు కలిసి వేల ఏళ్ళు నమిలిన రాయి. హాన్స్ జెన్నీ అనే ఆయన 1941లో మట్టి పుట్టుకకి ఐదు కారణాలు చెప్పాడు: వాతావరణం, జీవజాలం, నేల వాలు, మూలశిల, కాలం. ఒకే జిల్లాలో, ఒకే వాన కింద, పక్కపక్క ఊళ్ళలో రెండు రకాల బతుకులు ఎందుకున్నాయో తెలియాలంటే చాలాసార్లు నాలుగోదాన్ని చూడాలి.

మా ఊరు నల్గొండ జిల్లాలో పడమటి వైపు ఉంటుంది. కింద అంతా గ్రానైటు, నైస్ బండలు. దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళు. గ్రానైటులో ఉండే క్వార్ట్జు ఓ పట్టాన అరగదు, ఇసుకగా మిగిలిపోతుంది. ఇనుము తుప్పు పట్టి ఎరుపెక్కుతుంది. ఫెల్స్‌పార్ అరిగి బంకమట్టి అవుతుంది గానీ, అది నీళ్ళు పెద్దగా పట్టుకునే రకం కాదు. ఈ మూడూ కలిస్తే చెల్క. పలచగా, వదులుగా ఉంటుంది. వాన పడితే చటుక్కున తాగుతుంది, చటుక్కున మర్చిపోతుంది.

ఇక ఆదిలాబాద్ వైపో, వికారాబాద్ వైపో వెళ్ళండి. అక్కడ సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కింద పారిన లావా గడ్డకట్టిన బసాల్టు ఉంటుంది. అందులో క్వార్ట్జు దాదాపు ఉండదు. కాల్షియం, మెగ్నీషియం దండిగా ఉంటాయి. అది అరిగితే వచ్చే బంకమట్టి నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. అదే రేగడి. ఆ నెర్రెల్లోకి పైమట్టి రాలి పడుతుంది, మళ్ళీ వాన పడ్డాక ఉబ్బి పైకొస్తుంది. దుక్కి దున్నే పనిలో సగం అదే చేసుకుంటుంది. మీటరు లోతు రేగడిలో నిలిచే నీళ్ళు, అంతే లోతు చెల్కలో నిలిచేదానికి రెట్టింపు దాకా ఉంటాయి, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. నల్లనేలంతా బసాల్టు నుంచే వచ్చిందనీ అనుకోవద్దు. నంద్యాల రేగడి కింద ఉండేది సున్నపురాయి, షేలు. బేతంచెర్ల బండలు పరిచిన ఇంట్లో పెరిగినవాళ్ళు ఆ రాతి మీద నడిచే పెద్దయ్యారు.

ఈ తేడా వల్ల వ్యవసాయం క్యాలెండరే మారిపోతుంది. చెల్క రైతు తొలకరికే విత్తాలి. అదను తప్పితే ఆ ఏడు తప్పినట్టే. లోతు రేగడిలో పాత పద్ధతి వేరు. వానాకాలమంతా నేలని నీళ్ళు తాగనిచ్చి, వానలు వెనకబట్టాక జొన్నో శనగో విత్తి, నేల దాచుకున్న తేమతోనే పంట తీసేవాళ్ళు. ఒకడు ఆకాశం వైపు చూస్తూ చేసే పని, ఇంకొకడు అడుగున ఉన్న తేమని నమ్ముకుని చేస్తాడు. ఈ ఇద్దరి ఓపిక ఒకటి కాదు, భయం ఒకటి కాదు, అప్పు చేసే నెల ఒకటి కాదు. కథలో ఇద్దరూ "రైతు". విమర్శలో ఇద్దరూ "మట్టి మనిషి".

పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది. 1972లో మొదలైన అంతర్జాతీయ పరిశోధనా సంస్థ. దాని ఆవరణలోనే ఎర్రనేల, నల్లనేల రెండూ ఉన్నాయి. గచ్చిబౌలిలో కాఫీ తాగుతూ పల్లె సాహిత్యం గురించి మాట్లాడుకునే మనకి గంట దూరంలో, ఒకే ప్రహరీ లోపల, రెండు ప్రపంచాలు పక్కపక్కనే ఉన్నాయి. ఇంగ్లీషు భూగర్భశాస్త్ర పుస్తకాల్లో నల్లనేలని "రెగర్" అంటారు. అది మన "రేగడి" నుంచి వెళ్ళిన మాటే. లోకానికి మాట అప్పిచ్చిన భాష మనది. మన సమీక్షల్లో మాత్రం ఆ మాట కనపడదు.

రైతులకి మాటల కొరత లేదు. చెల్క, దుబ్బ, రేగడి, గరుసు, మొరం, చౌడు, సుద్ద, ఒండ్రు, పాటిమన్ను. ఒక్కో మాట ఒక్కో పంటని, ఒక్కో కష్టాన్ని చెప్తుంది. ప్రభుత్వానికీ కొరత లేదు. మద్రాసు రాష్ట్రంలో బ్రిటిషు వాళ్ళు చేసిన సెటిల్మెంటులో నేల రకాన్ని బట్టి ప్రతి పొలానికీ ఒక "తరం" నిర్ణయించి, శిస్తు దాన్ని బట్టే కట్టారు. 1973 భూసంస్కరణల చట్టం ఇంకా చూడండి. ఒక కుటుంబానికి గరిష్ఠ పరిమితి తరి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు. నేల తరగతిని బట్టి అంత తేడా. శిస్తు వసూలు చేసేవాడికి నేల తెలుసు, చట్టం రాసినవాడికి తెలుసు, దున్నేవాడికి తెలుసు. తెలీంది, తెలుసుకోవాలని కూడా అనిపించంది, రైతు గురించి అందరికన్నా ఎక్కువ కన్నీళ్ళు పెట్టుకునే మనకే.

ఇక నాకు నిజంగా కోపం వచ్చే చోటికి వస్తాను. కరువు.

కరువు కథ మీద వచ్చే ప్రతి సమీక్షలో ఆకాశం దోషి. వాన మోసం చేసింది, మేఘం ముఖం చాటేసింది. మా జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 700 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. లండన్లో పడేది అంతకన్నా తక్కువ. ఎండ వేరు, వాన పడే తీరు వేరు, నిజమే. మన వాన నాలుగు నెలల్లో, కొన్ని రోజుల్లోనే కురిసి పోతుంది. అందుకే అసలు ప్రశ్న ఎంత కురిసిందని కాదు, కురిసింది ఎక్కడ నిలిచిందని. ఆ ప్రశ్నకి జవాబు కింద ఉంది.

మా తాత తవ్వించిన మోటబావి 40 అడుగులు. నాన్న మూడు బోర్లు వేయించాడు. మొదటిది 180 అడుగులు, కొన్నాళ్ళు రెండించుల నీళ్ళు పోసి ఎండిపోయింది. రెండోది 320. మూడోది నేను ఎంసెట్ రాసిన ఏడు, 550. ఆ రాత్రి నాకు ఇప్పటికీ గుర్తుంది. బోరు బండి మోత, తెల్లటి పొడి, పొడి పట్టిన నాన్న కనుబొమ్మలు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని తిరిగి పాయింటు చూపించినాయన అప్పటికే వెళ్ళిపోయాడు. మూడొందల అడుగుల దగ్గర డ్రైవరు ఆపేద్దామన్నాడు. నాన్న "ఇంకో యాభై ఫీట్లు పోనియ్యిండ్రి" అన్నాడు. ఆ మాట ఐదుసార్లు అన్నాడు. ప్రతి యాభై అడుగులకీ ఏదో ఒకటి పోయింది. అమ్మ గొలుసు, జత ఎద్దులు, చివరికి రోడ్డు పక్క అరెకరం. తెల్లారాక పొడి పొడిగానే ఉంది. నాన్న అన్నది ఒకటే మాట: "నా నసీబు గిట్లున్నది."

చాలా ఏళ్ళ తర్వాత, ఉద్యోగంలో చేరాక, హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐలో ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి మన వాళ్ళు మహేశ్వరం ప్రాంతంలో చేసిన పని గురించి చదివాను. గ్రానైటు కింద నీళ్ళు ఎలా ఉంటాయన్నది వాళ్ళ ప్రశ్న. పైన పది పదిహేను మీటర్లు కుళ్ళిన రాయి, దాని కింద పగుళ్ళ పొర. ఆ పగుళ్ళు లోతుకి వెళ్ళేకొద్దీ తగ్గిపోతాయి. సుమారు 35, 40 మీటర్లు దాటాక నీళ్ళు మోసే పగులు దొరకడం అరుదు. అంటే నూట ఇరవై, నూట ముప్ఫై అడుగులు. లోతులో భ్రంశాలో, పెద్ద పగుళ్ళో తగిలే చోట్లు ఉండొచ్చు గానీ అవి మినహాయింపులే. తాత బావి ఆ కుళ్ళిన రాతిలోనే ఆగింది, అక్కడే నీళ్ళు దాచుకుంది. నాన్న మూడో బోరు చివరి నాలుగొందల అడుగులు, ఆయన జీవితంలోకెల్లా ఖరీదైన నాలుగొందల అడుగులు, గట్టి బండలో పోయాయి.

ఆ వ్యాసం చదివిన రోజు నాకు ఏడుపు వచ్చింది. నసీబు కాదది. రాయి. ఆ విషయం నాన్నకి చెప్పాల్సినవాళ్ళు ఉన్నారు, చెప్పలేదు. మరి మేం, అంటే కథలు రాసి చదివి సమీక్షించే వాళ్ళం, ఏం చెప్పాం? "ప్రకృతి కర్కశత్వం ముందు మనిషి నిస్సహాయత" అన్నాం. నాన్న చదువు లేక నసీబు అన్నదాన్నే, మేం చదువుకుని మంచి తెలుగులో అన్నాం.

నీళ్ళు దొరికిన చోట కథ ఇంకో రకం. గ్రానైటులో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలుంటాయి. బండతో నీళ్ళు ఎంత ఎక్కువ కాలం కాపురం చేస్తే, కాల్షియం ఎంత తక్కువగా ఉంటే, అంత ఫ్లోరైడు నీళ్ళలోకి దిగుతుంది. తాగే నీళ్ళలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ని మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఇక మా నల్గొండ పేరు నీటిశుద్ధి పుస్తకాల్లోకే ఎక్కింది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ పెట్టిన పేరు నల్గొండ టెక్నిక్. ఆ నీళ్ళు తాగి వంగిపోయిన మనుషుల ఫొటోల కింద మనం "శాపగ్రస్త గ్రామం" అని రాసుకున్నాం. శాపమంటే పెట్టినవాడు ఎవరో ఉండాలి, అతన్ని వెతకలేం. ఖనిజమంటే దాన్ని కొలవొచ్చు, దాని నుంచి తప్పించొచ్చు, తప్పించనివాణ్ణి నిలదీయొచ్చు.

ఇక్కడ మిత్రులు అడిగే ప్రశ్న నాకు తెలుసు. "అన్నిటికీ రాయే కారణమంటే మార్కెట్‌నీ, ప్రభుత్వాన్నీ, కులాన్నీ వదిలేసినట్టు కాదా?" కాదు, తిరగేసి చూడండి. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతులు వరసగా చనిపోయారు. పురుగు, కల్తీ మందులు, వడ్డీ వ్యాపారి, అన్నీ నిజం. కానీ ఇంగ్లీషులో నల్లనేలకి "నల్ల పత్తి నేల" అనే పేరుంది. ఐదారు నెలలు నిలబడాల్సిన, లోతుకి వేరు పంపే ఆ పంటని పలచటి చెల్కల్లోకి కూడా తెచ్చారు. రెండు వారాలు వాన ఆగితే రేగడి పత్తి తట్టుకుంటుంది, చెల్క పత్తి వాడిపోతుంది. అదే విత్తనం, అదే మందు, అదే అప్పు. నేల ఏదో అడగకుండా అమ్మినవాడి నేరం, నేల గురించి తెలిసినప్పుడే పూర్తిగా కనపడుతుంది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. మా ఇంట్లోనూ సంతోషించాం. కరెంటు ఉచితంగా ఇవ్వొచ్చు గానీ బండలో పగుళ్ళు ఉచితంగా ఇవ్వలేరు. ఆ సంగతి తెలిసిన శాఖలు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. తెలిసి చెప్పకపోవడం రాజకీయం కాక మరేమిటి?

కులం గురించైతే, నేల వాలు చూడండి చాలు. గ్రానైటు ప్రాంతంలో గుట్ట వైపు మొరం, మధ్యలో చెల్క, పల్లంలో నల్లమట్టి, అక్కడే చెరువు. కాకతీయుల నాటి పాకాల, రామప్ప, లక్నవరం మొదలుకొని ఊరూరి చెరువుల దాకా, ఈ ఎగుడుదిగుడు నేలని చదివిన మనుషుల పని అది. మా ఊళ్ళో చెరువు కింది భూమి ఎవరిదో, గుట్ట పక్కన లావణి పట్టాలు ఎవరికిచ్చారో పేర్లు చెప్తే చాలు, కులాల పట్టిక తయారవుతుంది. "దళితులకి భూమి పంచారు" అన్న వాక్యం ఏ భూమి అని అడిగేదాకా అబద్ధానికి దగ్గర్లోనే ఉంటుంది. రాయి గురించి మాట్లాడితే రాజకీయం పోదు. వాసన గురించి మాట్లాడితేనే పోతుంది.

అలాగని రాతిరాత తప్పదనీ నేననను. చెరువు పూడిక మట్టి చెల్కలో తోలితే అది నీళ్ళు పట్టుకునే తీరు మెరుగవుతుంది. ఇది మా తాతలకి తెలుసు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసి పొలాలకి తోలమన్నదీ అందుకే. అనంతపురం వేరుశనగనే తీసుకోండి. 550 మిల్లీమీటర్ల వానలో అది వెయ్యడం మూర్ఖత్వమని ఊళ్ళు చూడనివాళ్ళు తేలిగ్గా అనేస్తారు. వేరుశనగ ఊడ దిగాలంటే, కాయ తెగకుండా చెట్టు పీకాలంటే వదులు నేల కావాలి. ఎర్రనేల ఆ పంటని పిలుస్తుంది. ఊడ దిగే వేళకి వాన లేకపోతే అదే ఎర్రనేల చేతులెత్తేస్తుంది. రైతు తెలివీ, రైతు నష్టమూ ఒకే మట్టిలో ఉన్నాయి. ఇంతకన్నా మంచి కథావస్తువు ఎక్కడ దొరుకుతుంది?

"సాహిత్యం భూగర్భశాస్త్ర పాఠం కాదు కదా" అని ఇంకో మాట. కాదు. రచయితని పాఠం చెప్పమని నేనడగడం లేదు. చాలామంది రచయితలు అడగకుండానే ఈ పని చేస్తున్నారు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి "కొండపొలం"లో కరువొచ్చినప్పుడు గొర్రెల్ని నల్లమలకి ఎందుకు తోలతారో, కొండ మీద నీళ్ళూ మేతా ఎలా వెతుక్కుంటారో ఉంది. అక్కడ నేల వెనక వేలాడదీసిన తెర కాదు. నా ఫిర్యాదు విమర్శ మీద. అంటే నా మీద, ఇది చదువుతున్న మీ మీద. మనలో చాలామందిమి ఇంజినీర్లం. ఆఫీసులో ఒక చిన్న బగ్గుకి మూలకారణం రాయకుండా టికెట్ మూసెయ్యం. ఇంటికొచ్చి రైతు చావు కథ చదివి "విధి" అని రాసి మూసేస్తాం.

కాబట్టి పల్లె పుస్తకం చేతికొచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఇది ఏ నేల? నీళ్ళు ఎక్కడ నిలుస్తాయి? ఆ నిలిచే చోటు ఎవరిది? రచయిత చెప్పి ఉంటే మనం చదవాలి. చెప్పకపోతే ఎందుకు చెప్పలేదని అడగాలి. "మట్టి వాసన" అనే మాటని మాత్రం కొన్నేళ్ళు పక్కన పెడదాం. అత్తరు సీసాల మీద బాగానే ఉంటుంది.

మూడేళ్ళ నాటి నా సమీక్షలో ఆ వాక్యం మార్చమని సంపాదకుల్ని అడిగాను, ఒప్పుకున్నారు. ఇప్పుడది ఇలా ఉంది: "ఈ కథల్లోది దుబ్బచెల్క. గుట్ట వైపు వాటా వచ్చిన తమ్ముడికి, చెరువు కింది వాటా వచ్చిన అన్నకి మధ్య గొడవ, తండ్రి పంపకం చేసిన రోజునే మొదలైంది." నాన్నకి మళ్ళీ పంపాను. ఈసారి ఫోన్ చెయ్యలేదు. "గా తమ్ముడు బోరేసిండా?" అని మెసేజ్ పెట్టాడు.